దాత ఎదురుగా లేకున్నా

1908 మార్చిలో ఒక రాత్రి. న్యూయార్క్‌లో ఓ సర్జన్ ఇంట్లో పుట్టి వారమైనా కాని పాపకు రక్తస్రావం ఎంతకీ ఆగడం లేదు. ఆ రోజుల్లో నగరంలోనే ఉన్న ఫ్రెంచ్ సర్జన్ అలెక్సిస్ కారెల్‌కు కబురు పెట్టారు. సన్నటి సూదితో, పట్టుదారంతో రక్తనాళాలను కుట్టడంలో ఆయనకు సాటి లేరు. కారెల్ తండ్రిని బల్ల మీద పడుకోబెట్టి, పాపను ఆయన పక్కనే ఉంచాడు. తండ్రి ఎడమ మణికట్టు దగ్గరి ధమనిని తెరిచి, పాప కాలిలోని సిరకు కలిపి కుట్టాడు. పాలిపోయిన ఒళ్లు కాసేపటికే ఎర్రబడింది. పాప బతికింది.

ఎంత రక్తం వెళ్లిందో కొలిచే దారి లేదు. పాప రంగు చూసి ‘ఇక చాలు’ అనుకోవడమే. పని అయ్యాక తండ్రి చేతి ధమనిని ముడివేసి మూసేయాలి. ఒక్కో ధమని ఒక్కసారికే పనికొస్తుంది. రక్తం ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు పక్కపక్కన ఉంటే తప్ప జరగని పని అది. ఆ ఇద్దరి మధ్య దూరం పెంచడానికే వైద్యం తర్వాతి మూడు దశాబ్దాలు వెచ్చించింది.

అంతకుముందు జరిగినవి చాలావరకు గుడ్డి ప్రయోగాలే. 1667లో పారిస్ వైద్యుడు జాన్ బాప్తిస్త్ దెనీ ఒక కుర్రాడికి గొర్రెపిల్ల రక్తం ఎక్కించాడు. కుర్రాడు బతికి బయటపడ్డాడు. తర్వాత దూడ రక్తం ఎక్కించిన మరో మనిషి చనిపోవడంతో వ్యవహారం కోర్టుకెక్కింది. చివరికి ఫ్రాన్స్‌లో రక్తమార్పిడికే నిషేధం పడింది. మనిషికి మనిషి రక్తమే ఎక్కించాలని పట్టుబట్టినవాడు లండన్ వైద్యుడు జేమ్స్ బ్లండెల్. కాన్పులో రక్తం పోయి తల్లులు కళ్లముందే చనిపోవడం చూసి, 1818 నుంచి ఆయన ప్రయత్నాలు మొదలుపెట్టాడు. కొందరు దక్కారు, కొందరు పోయారు. ఎందుకలా అవుతోందో ఎవరికీ అంతుపట్టలేదు.

ఆ చిక్కు వియన్నాలో విడింది. కార్ల్ లాండ్‌స్టైనర్ తన రక్తాన్నీ, తోటివాళ్ల రక్తాన్నీ తీసి, ఒకరి ఎర్ర కణాలను మరొకరి సీరంతో కలిపి చూశాడు. కొన్ని జతల్లో కణాలు ఉండలు కట్టాయి, కొన్నింటిలో కట్టలేదు. 1901లో మూడు గ్రూపులు తేల్చాడు. మరుసటి ఏడాది ఆయన సహచరులు నాలుగోదైన ఏబీని పట్టుకున్నారు. ఏ గ్రూపు వాళ్ల ఎర్ర కణాల మీద ఏ అనే పదార్థం ఉంటుంది, ప్లాస్మాలో బీని ఎదిరించే యాంటీబాడీలు ఉంటాయి. బీ వాళ్లలో ఇది తలకిందులు. ఓ వాళ్ల కణాల మీద ఆ రెండూ ఉండవు, వాళ్ల ప్లాస్మా మాత్రం రెండింటినీ ఎదిరిస్తుంది. లాండ్‌స్టైనర్‌కు 1930లో నోబెల్ వచ్చింది. ఏటా రక్తదాతల దినం జరుపుకునే జూన్ 14 ఆయన పుట్టినరోజే.

గ్రూపు తెలిసినా గడ్డకట్టే బెడద మిగిలింది. సోడియం సిట్రేట్ కలిపితే రక్తం గడ్డకట్టదని ప్రయోగశాలల్లో తెలిసిందే, కానీ మోతాదు మించితే అదే విషం. 1914, 1915ల్లో బ్రసెల్స్, బ్యూనస్ ఎయిరిస్, న్యూయార్క్ నగరాల్లో వేర్వేరు వైద్యులు దాన్ని మనుషులపై వాడి చూశారు. వారిలో న్యూయార్క్ వైద్యుడు రిచర్డ్ లూయిసన్ 0.2 శాతం సరిపోతుందని తేల్చాడు. దాంతో రక్తాన్ని సీసాలోకి పట్టే వీలు చిక్కింది. 1917లో అమెరికా సైనిక వైద్యుడు ఆస్వాల్డ్ రాబర్ట్‌సన్ ఫ్రాన్స్ యుద్ధరంగంలో, దాడి మొదలవకముందే ఓ గ్రూపు రక్తం సేకరించి, మందుగుండు పెట్టెలతో చేసిన ఐసుపెట్టెల్లో దాచాడు. 1937లో షికాగో కుక్ కౌంటీ ఆసుపత్రిలో బెర్నార్డ్ ఫాంటస్ ఇలాంటి నిల్వ కేంద్రం తెరిచి బ్లడ్ బ్యాంక్ అని పేరు పెట్టాడు. మన దేశంలో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో కలకత్తాలో రక్తనిధి వెలిసింది.

పదేళ్లకు బొంబాయి వైద్యులు ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచారు. మామూలు పరీక్షలో ఓ గ్రూపుగా కనిపిస్తున్న కొందరికి ఓ రక్తం కూడా సరిపడటం లేదు. వై.ఎం. భెండే బృందం 1952లో ‘లాన్సెట్’ పత్రికలో కారణం వెల్లడించింది. ఏ, బీ పదార్థాలకు ఆధారమైన హెచ్ అనే పదార్థం ఓ గ్రూపు వాళ్లకు కూడా ఉంటుంది. వీళ్లకు అదీ లేదు. అందుకే ఓ రక్తం ఎక్కించినా ప్రాణం మీదికొస్తుంది. బాంబే గ్రూపుగా పేరుపడ్డ ఈ రక్తం మన దేశంలో సుమారు పదివేల మందిలో ఒకరికి ఉంటుంది. వాళ్లకు అవసరం పడితే ఇప్పటికీ ఫలానా ఊళ్లో ఉన్న ఫలానా దాతను వెతికి పిలిపించాల్సిందే.

మిగతావాళ్ల విషయంలో దాత ఎవరో తెలియాల్సిన పని లేకుండా పోయింది. ఆ అజ్ఞాతంలోంచే ఓ వ్యాపారమూ పుట్టింది. ఆసుపత్రుల చుట్టూ రక్తం అమ్ముకుని పూట గడుపుకునేవాళ్లు తయారయ్యారు. డబ్బు కోసం ఇచ్చేవాడు జబ్బు దాస్తాడు, ఒంట్లో నెత్తురు చాలకపోయినా మళ్లీ చేయి చాపుతాడు. హెచ్‌ఐవీ రాకతో ఆ ప్రమాదం ఎంతటిదో తేటతెల్లమైంది. కామన్ కాజ్ సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 జనవరి 4న తీర్పు ఇచ్చింది. దాని ప్రకారం 1998 జనవరి 1 నుంచి డబ్బుకు రక్తం ఇచ్చే పద్ధతి ఆగిపోవాలి.

అమ్మేవాళ్లు పోతే ఇచ్చేవాళ్లు కావాలి. 1998 అక్టోబరు 2న హైదరాబాద్‌లో నటుడు చిరంజీవి ట్రస్టు పెట్టి రక్తనిధి ప్రారంభించారు. అభిమాన సంఘాల కుర్రాళ్లు పెద్దఎత్తున రక్తదానానికి కదిలారు. హీరో పుట్టినరోజు వస్తే రక్తదాన శిబిరం పెట్టడం తెలుగునాట రివాజైంది.

శిబిరానికి వెళ్లినవాళ్ల వేలి కొస నుంచి తీసిన నెత్తుటి చుక్కను నీలంగా ఉన్న మైలుతుత్తం ద్రావణంలో వేయడం ఇప్పటికీ చాలాచోట్ల కనిపిస్తుంది. చుక్క మునిగితే హిమోగ్లోబిన్ 12.5 గ్రాములకు తగ్గలేదని లెక్క. తేలితే ఆ రోజుకు రక్తం తీసుకోరు. వయసు 18 నిండాలి, బరువు కనీసం 45 కిలోలు ఉండాలి. సంచిలో ముందే పోసి ఉన్న 49 మిల్లీలీటర్ల ద్రావణంలో 350 మిల్లీలీటర్ల రక్తం కలుస్తుంది. గడ్డకట్టకుండా చూసేది అందులోని సిట్రేటే. పెద్దవాళ్ల ఒంట్లో ఉండే సుమారు ఐదు లీటర్లలో అది చిన్న భాగమే. పోయిన ప్లాస్మా ఒకటి రెండు రోజుల్లోనే పూడుతుంది. ఎర్ర కణాలకు వారాలు పడుతుంది కాబట్టి మగవాళ్లు మూడు నెలలు, ఆడవాళ్లు నాలుగు నెలలు ఆగి మళ్లీ ఇవ్వచ్చు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియా పరీక్షలు దాటాకే సంచి రోగి దగ్గరికి చేరుతుంది.

సదుపాయం ఉన్నచోట ఆ సంచిని విడదీసి ముగ్గురికి పంచుతారు. ఎర్ర కణాలు ఫ్రిజ్‌లో ఆరు వారాల దాకా, అతిశీతలంలో ఘనీభవింపజేసిన ప్లాస్మా ఏడాది నిలుస్తాయి. ప్లేట్‌లెట్లకు ఐదు రోజులే గడువు. తలసేమియా అనే రక్తవ్యాధి ఉన్న పిల్లలకైతే రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. కాలేజీలకు సెలవులిచ్చే ఏప్రిల్, మే నెలల్లో శిబిరాలు తగ్గి నిల్వలు అడుగంటుతాయి. అప్పుడు ఆ పిల్లల తల్లిదండ్రులు దాతల కోసం ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు.