అడంగల్ తెరకెక్కిన తరువాత: కర్నూలు, కడప రైతులు వాడే డిజిటల్ తెరల్లో దృశ్యశైలి, అమరిక – తులనాత్మక పరిశీలన

1. ప్రస్తావన

కర్నూలు, కడప మెట్టప్రాంతాల్లో రైతుకు భూమి ఎంత ముఖ్యమో భూమి కాగితమూ అంతే ముఖ్యం. బ్యాంకులో పంటరుణం కావాలన్నా, పంట నమోదు చేయించుకోవాలన్నా, అన్నదమ్ములు భాగాలు పంచుకోవాలన్నా ముందు అడిగేది అడంగల్ (ఊరి పొలాల సాగు లెక్క), 1-బి (పట్టాదారు ఖాతా వివరం). 2015లో వచ్చిన మీభూమి పోర్టల్‌తో ఈ రికార్డులు ఇంటర్నెట్‌లోకి చేరాయి. 2016 ఏప్రిల్ 14న మొదలైన ఎలక్ట్రానిక్ జాతీయ వ్యవసాయ మార్కెట్ అయిన ఈ-నామ్‌తో మార్కెట్ యార్డుల ధరలు ఆన్‌లైన్‌లో కనబడసాగాయి. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో తొలిదశలో 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. ఈ నడుమ సేవలను పలకలుగా చూపే యాప్‌లూ వచ్చాయి. అంటే పదేళ్లలోనే పట్టిక, కార్డులు, సంభాషణ అనే మూడు రకాల తెరలు ఒకే రైతు చేతిలోకి వచ్చాయి.

ఈ మూడు అమరికలనూ, వాటిపై పరచుకున్న దృశ్యశైలులనూ పోల్చి, ఏ పనికి ఏది తగినదో నిర్ణయించడం ఈ వ్యాసం ఉద్దేశం. కొత్త శైలి వచ్చిందంటే పాతది పనికిరాదన్న భావన డిజైన్ రంగంలో బలంగా ఉంది. మెట్టసీమ రైతు అవసరాల దగ్గర ఈ భావన నిలవదని, తెర ఎంత తేలిగ్గా కనిపించినా అందులోని అంకెల మధ్య సంబంధం తెగిపోతే రైతుకు నష్టమేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

2. పట్టిక వెనుక రెండు శతాబ్దాలు

1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేసిన దత్తమండలాల్లో కడప, ఆదోని ప్రాంతాలున్నాయి. 1807 దాకా వాటికి ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పొలాలను కొలిపించి, ఏ పొలం ఎవరిదో, దాని శిస్తు ఎంతో రాయించే రైత్వారీ పద్ధతిని ఇక్కడ విస్తృతంగా అమలు చేశాడు. ఊరి లెక్కలు రాసే పని కరణాలది. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థను రద్దు చేశాక రాసే చేతులు మారాయి. అడ్డగీతలు, నిలువుగీతలున్న పుట మాత్రం మారలేదు.

మీభూమి అడంగల్ ఆ పుటకు కొనసాగింపే. సర్వే నంబరు, మొత్తం విస్తీర్ణం, సాగుకు పనికిరాని విస్తీర్ణం, భూమి స్వభావం, శిస్తు, జలాధారం, ఖాతా నంబరు, పట్టాదారు పేరు, అనుభవదారు పేరు, అనుభవ స్వభావం వంటి గళ్లన్నీ ఒకే వరసలో ఉంటాయి. ఆ వరసే ఒక వాక్యం. ఈ పొలం ఇంత, దీనికి నీరు ఇక్కడిది, పట్టా ఒకరిది, సాగు మరొకరిది అని అది చెబుతుంది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయలుదేరే కె.సి. కాలువ కింద ఒక మాగాణి, వానపై ఆధారపడిన మెట్ట ఇంకొకటి ఉన్న రైతుకు జలాధారం గడి, విస్తీర్ణం గడి పక్కపక్కన ఉండటం అలంకారం కాదు. కౌలుదారుకు పట్టాదారు, అనుభవదారు గళ్లు ఒకే చూపులో కనబడటం అంతకన్నా ముఖ్యం.

3. దృశ్యశైలుల గమనం

2007లో తొలి ఐఫోన్ వచ్చిన నాటి తెరలు అసలు వస్తువులను అనుకరించేవి. మీటకు ఉబ్బు, నోటు పుస్తకానికి తోలు అంచు ఉండేవి. 2010లో మైక్రోసాఫ్ట్ విండోస్ ఫోన్ నీడలు లేని చదును పలకలతో మరో దారి చూపింది. 2013లో ఐఓఎస్ 7తో యాపిల్ కూడా చదును శైలికి మారింది. 2014లో గూగుల్ మెటీరియల్ డిజైన్ చదునుతనాన్ని ఉంచుకుంటూనే, ఏ పొర ఏ పొరపైన ఉందో తెలిసేలా కొద్దిపాటి నీడను తిరిగి తెచ్చింది. 2025లో యాపిల్ ప్రకటించిన లిక్విడ్ గ్లాస్ శైలిలో వెనకనున్నది మీట గుండా కనబడుతుంది.

ప్రతి శైలీ తన కాలపు అవసరం నుంచే పుట్టింది. టచ్ తెర కొత్తగా ఉన్నప్పుడు ఎక్కడ నొక్కాలో ఉబ్బే చెప్పింది. జనం అలవాటుపడ్డాక ఆ ఉబ్బు అనవసరమనిపించింది. అయితే ఆ అలవాటు అందరికీ ఒకేసారి రాలేదు. స్మార్ట్‌ఫోను మొదటిసారి చేతపట్టిన పెద్దవయసు రైతుకు చదును తెరపై ఉన్న నీలిరంగు మాట మీటో, శీర్షికో తేలదు. ఇతరులు దాటి వచ్చిన మెట్టు మీద ఆయన ఇంకా అడుగు పెడుతున్నాడు.

4. మూడు అమరికలు

పట్టిక: పోల్చిచూడడానికి దీన్ని మించినది లేదు. ఆదోని, ఎమ్మిగనూరు, కర్నూలు యార్డుల్లో వేరుశనగ కనిష్ఠ, మోడల్ (ఎక్కువగా పలికిన), గరిష్ఠ ధరలు మూడు వరసల్లో ఉంటే, బండి ఎటు తోలాలో రైతు ఒక్క చూపులో తేల్చుకుంటాడు. దీని బలహీనత వెడల్పు. పది, పన్నెండు గళ్ల అడంగల్‌ను ఫోనులో పక్కకు జరిపితే ఎడమ అంచున ఉన్న సర్వే నంబరు కనుమరుగవుతుంది. కనిపిస్తున్న పేరు ఏ పొలానిదో తెలియదు. ఈ లోపం పట్టికది కాదు. కంప్యూటర్ తెరకు గీసిన పట్టికను ఫోనుకు అలాగే పంపడం వల్ల వచ్చినది. తెర వెడల్పును బట్టి అమరిక మారాలన్న స్పందనాత్మక డిజైన్ సూత్రాన్ని ఈథన్ మార్కాట్ 2010లోనే ప్రతిపాదించాడు.

కార్డు: 2017లో కేంద్రం తెచ్చిన ఉమంగ్ వంటి యాప్‌లలో ఒక్కో సేవ ఒక్కో పలక. బొమ్మ, దాని కింద పేరు ఉంటాయి. ఏ సేవ కావాలో ఎంచుకునే దశలో ఇది హాయిగా ఉంటుంది, వేలికి చోటు దొరుకుతుంది. ఇదే అమరికను రికార్డుకు వర్తింపజేస్తే కష్టం మొదలవుతుంది. పొలానికో కార్డు చేసి, పేరు, విస్తీర్ణం పైన ఉంచి, జలాధారాన్నీ అనుభవదారునీ ‘మరిన్ని వివరాలు’ కింద దాస్తే, వివాదమంతా ఉన్న గడే కంటికి దూరమవుతుంది.

సంభాషణ: మన మిత్రకు బలం పరిచయం. మనవడి ఫొటోలు చూసే వాట్సాప్‌లోనే సేవలూ దొరుకుతాయి. కొత్త యాప్ దింపుకోనక్కరలేదు. ఒకసారికి ఒకే ప్రశ్న కనుక తికమక తక్కువ. అయితే వాట్సాప్ వ్యాపార సందేశాలకు హద్దులున్నాయి. ఒక సందేశానికి మూడు మీటలు, లేదా పది వరసల జాబితా. మీటపై పేరు 20 గుర్తులు, జాబితా వరసలో 24 గుర్తులు దాటకూడదు. తెలుగులో ప్రతి గుణింతం, పొల్లు, సున్న యూనికోడ్‌లో విడి గుర్తు. ‘కుల ధ్రువీకరణ పత్రం’ చదివేటప్పుడు తొమ్మిది అక్షరాలే అయినా ఖాళీలతో కలిపి 19 గుర్తులవుతుంది, మీటపై పడుతుంది. ‘కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం’ 29 గుర్తులు, జాబితాలో కూడా పట్టదు. మీట కోసం యంత్రం 20 గుర్తుల దగ్గర తెగ్గోస్తే ‘ధ్రువీకరణ’ నడుమ మాట విరుగుతుంది. మనిషి ఆలోచించి ‘కుటుంబ సభ్యుల పత్రం’ అంటే 19 గుర్తుల్లో అర్థం నిలుస్తుంది. అందువల్ల సంభాషణ తెరలో మాటల ఎంపికే అమరిక. దీని మరో పరిమితి, జవాబులు పైకి జరిగిపోవడం. రెండు పొలాలను పక్కపక్కన పెట్టి చూసే చోటు ఇందులో లేదు.

5. లిపి, వెలుతురు, అంకె

చాలా డిజైన్ వ్యవస్థలు లాటిన్ లిపి కొలతలతో పుట్టాయి. తెలుగు అక్షరానికి పైన గుడి, ఏత్వం, కింద వత్తు ఉంటాయి. ఎత్తు బిగించిన మీటలో ‘పట్టాదారు’ అని రాస్తే ట వత్తు అడుగు అంచులో కోసుకుపోవచ్చు. సన్నని అక్షరశైలిలో ద, ధ, థలకూ ప, ఫ, షలకూ మధ్య చిన్న గీతే తేడా. పేర్ల రికార్డులో ఆ తేడా మనిషినే మార్చేస్తుంది. మండలి, ఎన్టీఆర్, రామభద్ర వంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. తెరకు ఏది తగునో, వరసల మధ్య ఎంత చోటు వదలాలో చూసి ఎంచుకోవడమే మిగిలింది.

లేత బూడిదరంగు అక్షరాలు చల్లటి గదిలో అందంగా ఉంటాయి. మే నెలలో కర్నూలు ఉల్లి మార్కెట్ ఆరుబయట వాటిని చదవడం కష్టం. మామూలు పరిమాణపు అక్షరానికీ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా కనీసం 4.5:1 ఉండాలని 2008లో వచ్చిన అంతర్జాతీయ వెబ్ సౌలభ్య ప్రమాణాలు చెబుతున్నాయి. 2009లో తొలిసారి వచ్చి 2023లో మూడో కూర్పు పొందిన భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలూ సౌలభ్యాన్ని కోరుతున్నాయి. ఎండలో ఈ నిష్పత్తి కనీసం మాత్రమే, చాలినంత కాదు.

అంకె విషయం ఇంకా సున్నితం. విస్తీర్ణం గడిలో 3.50 అంటే మూడెకరాల యాభై సెంట్లు. చివరి సున్న తీసేసి యాప్ 3.5 అని చూపిస్తే, సెంట్ల లెక్కకు అలవాటుపడిన కన్ను మూడెకరాల ఐదు సెంట్లని చదివే ప్రమాదముంది. తేడా 45 సెంట్లు. గణితానికి రెండూ ఒకటే. గట్టు తగాదాలో ఒకటి కావు.

6. ప్రతిపాదనలు

పై పోలికను బట్టి పనికి తగిన అమరిక అన్న సూత్రం తేలుతుంది. అడగడానికి సంభాషణ, ఎంచుకోవడానికి కార్డు, పోల్చడానికి, నిరూపించుకోవడానికి పట్టిక. ఒకే సేవలో ఈ మూడూ వరసగా రావచ్చు. రైతు మన మిత్రలో అడుగుతాడు, తన పొలాల్లోంచి ఒకటి ఎంచుకుంటాడు, చివరికి చేతికి పూర్తి అడంగల్ వరస రావాలి, దాని సారాంశం కాదు.

ఫోను పట్టికలో సర్వే నంబరు గడి కదలకుండా నిలవాలి. పట్టాదారు, అనుభవదారు పేర్లు ఎప్పుడూ విడిపోకూడదు. విస్తీర్ణం రెండు దశాంశ స్థానాలతో, వీలైతే ‘3 ఎకరాల 50 సెంట్లు’ అని మాటల్లో కూడా ఉండాలి. నొక్కే ప్రతి చోటుకూ అంచో నీడో ఉండాలి. మీటల ఎత్తును ‘స్త్రీ’ వంటి జంట వత్తుల మాటతో సరిచూడాలి.

7. ముగింపు

కరణం లెక్క రాసిన రోజుల్లో పుస్తకం ఆయన చేతిలో ఉండేది, చదివించుకోవడం రైతు వంతు. డిజిటల్ తెర రైతుకు ఇచ్చిన అసలు హక్కు తన వరసను తానే చదువుకోవడం. ఆ హక్కు పోర్టల్ ప్రారంభంతో పూర్తి కాదు, తెర చదవగలిగేలా ఉన్నప్పుడే అమలవుతుంది. కనుక దృశ్యశైలి ఎంపికను సౌందర్య నిర్ణయంగా మాత్రమే చూడరాదు, అది పాలనా నిర్ణయం. 2019 అక్టోబర్ 2 నుంచి పనిచేస్తున్న గ్రామ సచివాలయాలు ఇందుకు సిద్ధంగా ఉన్న పరీక్షాశాలలు. కొత్త తెరను రాష్ట్రమంతటా విడుదల చేసేముందు కర్నూలు, కడప పల్లెల్లో, మధ్యాహ్నపు ఎండలో, తక్కువ ధర ఫోనుల్లో, కౌలుదారులతో, ఒంటరి మహిళా రైతులతో చదివించి చూడాలి. తన పేరు, తన విస్తీర్ణం, తన నీటి ఆధారం ఎవరి సాయమూ లేకుండా వారు చెప్పగలిగితే ఆ డిజైన్ నెగ్గినట్టు.