బండి సాయిబుకు చూపించు

శ్రీనగర్ కాలనీలో స్కూటర్ ఆగిపోతే అప్పట్లో అందరూ ఒకే మాట అనేవాళ్ళు: "బండి సాయిబుకు చూపించు." ఏ సాయిబుకు అని అడిగేవాళ్ళు లేరు. ఒకరోజు మా ఇంటి ఓనరుగారు నాకూ అదే సలహా ఇచ్చారు. నేనూ సాయిబునేనన్న సంగతి ఆయనకు ఆ క్షణంలో గుర్తు రాలేదు. చదువుకున్నవాణ్ణి, ఇస్త్రీ చొక్కా వేసుకున్నవాణ్ణి, తెలుగు మాట్లాడేవాణ్ణి. పైగా నాకు ప్లగ్గు విప్పడం కూడా రాదు. ఇక సాయిబును ఎట్లా అవుతాను?

ఆ రోజు నవ్వి ఊరుకున్నాను. తర్వాత ఆలోచిస్తే ఆ మాటలో రెండు సంగతులు కలిసి ఉన్నాయనిపించింది. బండిని సాయిబు చేతిలో పెడితే బాగవుతుందనే నమ్మకం ఒకటి. సాయిబు అంటే నూనె మరకల బట్టలే అనే చిన్నచూపు ఇంకొకటి. ఈ రెండూ ఒకే నోట ఎట్లా వస్తాయి? ఒక మతం పేరు ఒక పనికి పేరెట్లా అయింది? ఈ ప్రశ్నకు జవాబు నాకు పుస్తకాల్లో దొరకలేదు. మా అబ్బా పాత స్కూటర్‌కు సామాను వెతుక్కుంటూ తిరిగితే కొంత దొరికింది.

మా అబ్బా 1984లో ఒక విజయ్ సూపర్ కొన్నాడు. గుమాస్తా జీతానికి అదే విమానం. దాని పుట్టుక ఇటలీలో. మిలాన్‌లో ఇన్నొసెంటి కంపెనీ లాంబ్రెట్టా స్కూటర్లు తయారు చేసేది. ఆ కంపెనీ స్కూటర్లు ఆపేశాక యంత్రాలనూ నమూనాలనూ భారత ప్రభుత్వం కొన్నది. 1972లో లక్నోలో స్కూటర్స్ ఇండియా లిమిటెడ్ పెట్టింది. అక్కడి నుంచి వచ్చిందే విజయ్ సూపర్. అదే ఇంజనుతో మన హైదరాబాద్‌లో ఆల్విన్ పుష్పక్ వచ్చింది. 1990ల చివరికి లక్నోలో స్కూటర్ల తయారీ ఆగిపోయింది. 2021లో కేంద్ర మంత్రివర్గం ఆ కంపెనీనే మూసేయడానికి ఒప్పుకుంది. కంపెనీ పోయింది, షోరూములు పోయాయి. బండ్లు మాత్రం ఇళ్ళ ముందు మిగిలాయి.

బండితోపాటు ఇచ్చిన చిన్న పుస్తకాన్ని అబ్బా చాలాకాలం బీరువాలో దాచాడు. అది ఇంగ్లీషులో ఉండేది. అబ్బా చదివింది ఉర్దూ, రాసేది తెలుగు. అందుకని అందులోని బొమ్మలు చూసేవాడు, అంతే. తర్వాత ఒక వానాకాలం ఆ పుస్తకమూ తడిసి ముద్దయింది. అప్పటి నుంచి మా బండికి పుస్తకం ఉస్తాదే.

ఉస్తాద్ షెడ్డు శ్రీనగర్ కాలనీ నుంచి యెల్లారెడ్డిగూడ వైపు దిగే ఒక గల్లీలో, వేపచెట్టు కింద ఉండేది. నాలుగు రేకులు, ఒక చెక్కపెట్టె, గోడకు మేకులు, మేకులకు పానాలు. పేచ్‌కస్, పక్కడ్, హతోడీ అన్నీ చెయ్యి చాపితే అందేవి. ఆయనకు చదువు రాదు. బండి లోపలేముందో మాత్రం విప్పకుండానే చెప్పేవాడు. నేను ఒకసారి నోటుబుక్కు పట్టుకుపోయి, చెప్పండి, రాసుకుంటానన్నాను. "కాగజ్ నక్కో మియా, కాన్ లగాకె సునో" అన్నాడు. కాగితం వద్దు, చెవి పెట్టి విను అని.

విన్నాను. వినగా తెలిసినవి కొన్ని ఇక్కడ రాస్తాను. ఇవి ఎక్కడా తెలుగులో నాకు కనబడలేదు.

విజయ్ సూపర్‌కు చేతక్ సామాను పట్టదు. బజాజ్ ఇంజను బండికి కుడిపక్కన వేలాడుతుంది, గేరు నుంచి చక్రానికి నేరుగా శక్తి పోతుంది. మన బండి ఇంజను నడుమ ఉంటుంది, లోపల గొలుసు తిరుగుతుంది. కాబట్టి దుకాణంలో "స్కూటర్ సామాను" అని అడగకూడదు, ఏ ఇంటి బండో చెప్పాలి. ఇది టూ స్ట్రోక్ ఇంజను. నూనె పెట్రోలులోనే కలిపి పోయాలి. తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది. ఎక్కువైతే ప్లగ్గు నల్లబడుతుంది, సైలెన్సర్‌లో మసి పేరుకుంటుంది. గేర్ల నూనె వేరు, అది 90 నంబరుది, ముప్పావు లీటరుకు కాస్త తక్కువ పడుతుంది. పాయింట్ల మధ్య సందు అర మిల్లీమీటరు కంటే తక్కువ ఉండాలి. ఉస్తాద్ దాన్ని సిగరెట్టు డబ్బా అట్టముక్కతో చూసేవాడు.

ఏళ్ళ తరబడి నిలబెట్టిన బండిని ఒక్కసారిగా కిక్కు కొట్టకూడదు. ముందు ట్యాంకులో తుప్పు కడగాలి. కార్బొరేటర్ విప్పి జెట్ రంధ్రం శుభ్రం చేయాలి. లోపలి రబ్బరు సీళ్ళు ఎండిపోయి ఉంటాయి. వాటి సందులోంచి ఇంజను గాలి పీలుస్తుంది. ఆక్సిలేటర్ వదిలినా బండి అరుస్తూనే ఉంటుంది. కొత్తవాళ్ళు కార్బొరేటర్‌ను అనుమానిస్తారు, తెలిసినవాళ్ళు సీలు మారుస్తారు. సీలు ఇరవై ముప్ఫై రూపాయలదే కావచ్చు, మార్చకపోతే పోయేది పిస్టన్.

అన్నిటికంటే నాకు నచ్చిన పాఠం బేరింగుది. "కంపెనీ మూతబడింది కదా, బేరింగు ఎక్కడ దొరుకుతుంది" అని నేను దిగులు పడితే ఉస్తాద్ పాత బేరింగును గుడ్డతో తుడిచి అంచు చూపించాడు. 6305 అని చెక్కి ఉంది. ఆ నంబరుకు అర్థం ప్రపంచమంతా ఒకటే. లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 62, మందం 17. ఏ దేశంవాడు చేసినా పడుతుంది. కంపెనీకి చావుంది, కొలతకు లేదు. చదువురాని మనిషి నాకు చెప్పిన ఈ మాట ఏ ఇంజనీరింగు కాలేజీ పాఠానికీ తీసిపోదు.

బేరింగు దొరికింది కాని మిగతావన్నీ అట్లా దొరకవు. ఆ వెతుకులాటలో నేను ఊరంతా తిరిగాను. కోఠి దగ్గర పుత్లీబౌలి దుకాణాల్లో పాత పెట్టెల అడుగున కొన్ని గాస్కెట్లు దొరికాయి. ఎర్రగడ్డ ఆదివారం సంతలో నేల మీద పరిచిన ఇనుము కుప్పలో ఒక హ్యాండిల్ లివరు దొరికింది. ఎక్కడా దొరకని బుష్షును లేతు మీద ఒక కంసాలి చేసి ఇచ్చాడు. దుకాణం సేటుది, లేతు విశ్వబ్రాహ్మణుడిది, బిగించింది సాయిబు, తోసింది తెలుగు మేష్టారి కొడుకు. మా స్కూటర్ ఒక్కటి నడవడానికి ఇంతమంది కావలసి వచ్చింది. మత సామరస్యం మీద ఉపన్యాసాలిచ్చేవాళ్ళు ఒక్క రోజు ఒక పాత బండిని బాగు చేయించుకుంటే చాలు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాను. మెకానిక్ అంటే సాయిబు ఎందుకయ్యాడు?

ఉస్తాద్ తండ్రి బస్సు డిపోలో క్లీనరు. నిజాం రాజ్యంలో రైల్వే శాఖ కిందే రోడ్డు రవాణా విభాగం 1932లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. 1958లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీకి మూలం అదే. 1942లో ఆల్విన్ కంపెనీ పుట్టింది, తర్వాతి కాలంలో బస్సుల బాడీలు కట్టింది. ఇట్లాంటి చోట్ల చేతులు పని నేర్చుకున్నాయి. అప్పుడు సాంకేతిక విద్యకు ఉర్దూ పుస్తకాలూ ఉండేవి. 1917లో పెట్టిన దారుల్ తర్జుమా, 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం విజ్ఞాన శాస్త్రాలనూ ఇంజనీరింగునూ ఉర్దూలోకి తెచ్చింది. ఒక భారతీయ భాషలో ఆధునిక సాంకేతిక చదువు చెప్పవచ్చని నిరూపించిన ప్రయోగమది. దాంట్లో లోపం కూడా చెప్పుకోవాలి. ఆ రాజ్యంలో ఎక్కువమంది ప్రజలది తెలుగు, మరాఠీ, కన్నడం. వాళ్ళ భాషలకు ఆ స్థానం దక్కలేదు. ఆ ఉర్దూ పుస్తకాలు కూడా ఉస్తాద్ తండ్రి లాంటి క్లీనర్ల దాకా రాలేదు.

1948 సెప్టెంబరులో పోలీసు యాక్షన్ జరిగింది. సైన్యం రద్దయింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. ఉస్మానియాలో బోధన ఇంగ్లీషుకు మారింది. చరిత్ర పుస్తకాల్లో నవాబులు ఏం పోగొట్టుకున్నారో ఉంటుంది. మా దాదా నవాబు కాదు, నల్గొండ జిల్లాలో ఒక మామూలు పోలీసు జవాను. ఆ ఉద్యోగం పోయింది. మా దాదా లాంటివాళ్ళు చిన్న చిన్న పనుల్లోకి దిగారు. కొందరు రిక్షా తొక్కారు, కొందరు సైకిళ్ళకు పంక్చర్లు వేశారు, కొందరు మోటారు షెడ్లలో చేరారు. పొలం లేనివాడికి, సర్కారు భాష చేజారినవాడికి, చేతిలో మిగిలేది పానా ఒక్కటే. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చెప్పుకునే చరిత్ర ఇది. సచార్ కమిటీ 2006లో దేశమంతటి లెక్కలు తీసినప్పుడు ముస్లింలు స్వయం ఉపాధిలో, మోటారు రిపేర్ల వంటి పనుల్లో తమ జనాభా పాలుకు మించి ఉన్నారని తేలింది. ఉద్యోగాల తలుపు ఎంత సన్నగా తెరుచుకుందో దానికి ఇది రుజువు.

మాలో పాత వృత్తులు కులాల పేర్లయ్యాయి. దూదేకుల అన్నది వృత్తి పేరే. 2007లో మన రాష్ట్రంలో వెనుకబడిన ముస్లింలకు 4 శాతం రిజర్వేషన్ ఇచ్చిన చట్టంలో అత్తరు సాయిబులున్నారు, ధోబీ ముస్లింలున్నారు, హజాంలున్నారు. మెకానిక్ అనే కులం మాత్రం ఎక్కడా లేదు. ఆ పని వయసు రెండు మూడు తరాలే కనుక దానికి కులం పేరు ఏర్పడే వ్యవధి లేదు. ఆ ఖాళీలో జనం మతం పేరు పెట్టేశారు. చరిత్ర తోసిన చోటును పుట్టుకతో వచ్చిన గుణమనుకున్నారు. "సాయిబులకు ఆ పని బాగా వస్తుంది" అనేవాళ్ళకు మెచ్చుకుంటున్నామనే అనిపిస్తుంది. ఎందుకు వస్తుందో అడగరు.

ఆ మెచ్చుకోలు ఎంత గట్టిదో 1990 డిసెంబరులో చూశాను. అల్లర్లలో పాతబస్తీకి కర్ఫ్యూ పెట్టారు. ఉస్తాద్ ఇల్లు యాకుత్‌పురాలో. చాలా రోజులు షెడ్డు తెరవలేదు. తెరిచిన రోజు కాలనీ నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. ఆయన స్కూటర్ ఇంజను విప్పి ఉంది. బిగించేదాకా ఆగనన్నాడు. కారణం చెప్పలేదు, ఉస్తాద్ అడగలేదు. ముక్కలన్నీ గోనెసంచిలో వేసి ఇచ్చాడు. పదిహేను రోజుల తర్వాత అదే గోనెసంచి మళ్ళీ షెడ్డుకు వచ్చింది. ఎవరూ బిగించలేకపోయారు. ఉస్తాద్ మాట్లాడకుండా ముక్కలు నేల మీద పరిచి వరసగా పేర్చాడు. ఒక స్ప్రింగు పోయింది, తన పెట్టెలోంచి వేశాడు. మామూలు కూలే తీసుకున్నాడు. "ఎందుకు ఉస్తాద్?" అని నేను కోపంగా అడిగాను. "బండీకా క్యా కసూర్?" అన్నాడు. బండి చేసిన తప్పేముంది!

ఈ మాటను గొప్ప చేసి ముగించవచ్చు. కాని ఉస్తాద్‌కు అది నచ్చదు. తన కొడుకును షెడ్డులోకి రానివ్వలేదాయన. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు వెల్లువెత్తిన రోజుల్లో అప్పు చేసి ఒక కోర్సులో చేర్చాడు. "నా వేళ్ళు చూడు మియా, ఇవి ఏ నికానామాకు పనికొస్తాయి" అనేవాడు. నల్లబడ్డ గోళ్ళను పిల్లనిచ్చేవాళ్ళు చూస్తారని ఆయన బాధ. ఆయన విద్య ఆయనతోనే ఆగిపోతుందే అని నేను విచారించడం తేలిక. ఆ విద్య కోసం ఆయన కొడుకు చదువు మానాలా? ఈ ప్రశ్న ముందు నా అస్తిత్వ చర్చ తలవంచుకుంటుంది.

1990ల నుంచి మన దేశపు పాత లాంబ్రెట్టాలు ఓడలెక్కి బ్రిటన్ పోయాయి. అక్కడ వాటిని ప్రేమించేవాళ్ళ సంఘాలున్నాయి, పుస్తకాలున్నాయి. ఆ బండ్లను అన్నేళ్ళు బతికించిన చేతుల పేర్లు ఏ పుస్తకంలో ఉన్నాయి? ఇక్కడ పాత బండి బరువయింది. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్ళు దాటిన ద్విచక్ర వాహనం రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 300 నుంచి 1000 రూపాయలకు పెరిగింది. తుక్కుకు వేయమని అందరూ చెప్పారు. పొగ సంగతి నిజమే, కాదనను. అబ్బా పోయాక కూడా ఆ బండిని నేను అమ్మలేదు. నెలకోసారి స్టార్ట్ చేస్తాను.

ఇప్పుడు వేపచెట్టు లేదు, షెడ్డు లేదు. అక్కడ అపార్ట్‌మెంటు గేటు ఉంది. ఉస్తాద్ చూపు తగ్గి ఇంట్లోనే ఉంటున్నాడు. మొన్న బండి మళ్ళీ అరిచింది. నేను ఆయనకు ఫోన్ చేసి, ఫోనును ఇంజను దగ్గర పెట్టాను. కాసేపు విని, "మాగ్నెట్ తరఫ్ సీలు పోయింది" అన్నాడు. అదే పోయింది. ఆ సీలును ఈసారి నేనే మార్చాను. గోళ్ళలో నలుపు మూడు రోజులు పోలేదు.

నోటుబుక్కు మళ్ళీ తీశాను. ఉస్తాద్ వద్దన్నా రాస్తున్నాను. పానా అని, పక్కడ్ అని, ఆయన మాటలు ఆయన మాటల్లోనే, తెలుగు లిపిలో. మొదటి పేజీలో ఆయన పేరు ఉంటుంది. "సాయిబు" అని ఉండదు.