అత్తరుకు ఆధారం శ్రీగంధం

అత్తరును కనుగొన్నది నూర్జహాన్ అన్న మాట మన దేశంలో చాలాకాలంగా ప్రచారంలో ఉంది. అయితే ఆమె భర్త జహంగీరు తన స్వీయచరిత్రలో వ్రాసుకొన్నది వేరు. వేడి పన్నీరును పాత్రలలో పోసినప్పుడు పైన తేలిన తెట్టువంటి పదార్థాన్ని కొద్దికొద్దిగా సేకరించినది నూర్జహాన్ తల్లి అస్మత్ బేగం. అరచేత ఒక్క చుక్క రాస్తే సభ అంతా పరిమళిస్తుందని చక్రవర్తి ప్రశంసించి, ఆమెకు ముత్యాలహారం బహూకరించాడు. దానికి ‘ఇత్రే జహంగీరీ’ అని పేరు పెట్టినది సలీమా సుల్తాన్ బేగం. కూతురి కీర్తి వెనుక తల్లి పేరు మరుగున పడిపోయింది.

ఈ వృత్తాంతంలో గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. అస్మత్ బేగం సేకరించినది కేవల గులాబి తైలం. అటువంటి తైలాన్ని వర్తకులు ‘రూహ్’ అంటారు. పూల ఆవిరిని శ్రీగంధ తైలంలో పట్టి నిలిపినది సంప్రదాయసిద్ధమైన అత్తరు. ఈ రెండింటి భేదం తెలియనిదే అత్తరు విలువ గాని, దానిని పూసుకొనే పద్ధతి గాని బోధపడదు.

పరిమళాలను కూర్చే విద్య మనకు మొగలాయిలతో వచ్చినది కాదు. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తికి ఒక అధ్యాయాన్నే కేటాయించాడు. కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన మానసోల్లాసం రాజభోగాలలో సుగంధాన్ని చేర్చింది. కొండవీటి కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు కస్తూరి, కర్పూరాది ద్రవ్యాలను సమకూర్చిన వర్తకుడు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చినది ఆయనకే. అక్బరు కొలువులో సుగంధశాల ఒక ప్రత్యేక శాఖ. అబుల్ ఫజల్ ఆ శాఖాధికారి పేరుతోపాటు ద్రవ్యాల ధరల పట్టికను కూడా ఐనే అక్బరీలో పొందుపరచాడు. దస్త్రాల మధ్య జీవితం గడిపే నావంటి వానికి అది ముచ్చట గొలిపే విషయం.

హర్షవర్ధనుని రాజధాని అయిన కన్నౌజ్ నేటికీ అత్తరుకు పుట్టినిల్లు. అక్కడి పద్ధతిని ‘డేగ్-భప్కా’ అంటారు. డేగ్ అంటే పెద్ద రాగి కాగు. అందులో పూలు, నీరు నింపి, మూత అంచులను తడిమట్టితో మూసి, కట్టెలతోనో పిడకలతోనో సన్నని సెగ పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా, చల్లని నీటి తొట్టెలో ఉంచిన భప్కా అనే రాగి పాత్రలోనికి చేరుతుంది. భప్కాలో ముందే పోసి ఉంచిన శ్రీగంధ తైలం పూల పరిమళాన్ని గ్రహిస్తుంది. అడుగున చేరిన నీటిని తీసివేసి, మరునాడు కొత్త పూలతో మళ్లీ కాస్తారు. రోజుల తరబడి ఇదే పని. ఉష్ణమాపకం ఉండదు; పనివాని చేయి, చెవి, ముక్కే సాధనాలు. ఎండిన మట్టి బిళ్లలను కాచి తొలకరి వాసనను పట్టే ‘మిట్టీ’ అత్తరు కూడా ఇక్కడిదే. ఆ వాసనకు శాస్త్రజ్ఞులు బేర్, థామస్ ‘పెట్రికోర్’ అని పేరు పెట్టినది 1964లో.

మొగలిపూలు మాత్రం కన్నౌజ్‌కు రావు. కోసిన తరువాత త్వరగా వాసన తగ్గే పూలు గనుక కాగులనే పూల దగ్గరకు చేరుస్తారు. మన శ్రీకాకుళానికి ఆనుకొని ఉన్న, 1936 వరకు మద్రాసు రాజధానిలో భాగమైన గంజాం తీరం ఆ పూలకు ప్రసిద్ధి.

ఇక పూసుకొనే విధానం. సారాతో చేసిన సెంటు చల్లగానే గాలిలో వ్యాపించి త్వరగా తగ్గుతుంది. అత్తరులో సారా లేదు. శరీరపు వెచ్చదనానికి నెమ్మదిగా విచ్చుకొంటుంది. అందువలన మణికట్టు మీద, చెవుల వెనుక ఒక చుక్క చాలు. చిన్న దూదిపింజను తడిపి చెవి మడతలో ఉంచుకోవడం పాత అలవాటు. అత్తరు సాయిబు చెక్కపెట్టెను చూసిన తరానికి ఇది గుర్తుండే ఉంటుంది. తెల్లని బట్టలపై రాస్తే మరకపడుతుంది. వేసవికి వట్టివేరు, గులాబి, మొగలి. చలికాలానికి హీనా, శమామా వంటి ఉష్ణగుణమున్నవి అని ఉత్తరాదిలో ఆనవాయితీ.

శ్రీగంధం కొరతే నేటి చిక్కు. 1998లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఈ చెట్టును ముప్పునకు గురయ్యే జాతుల జాబితాలో చేర్చింది. తైలం ధర పెరగడంతో తయారీదారులు అనేకులు దాని స్థానంలో వాసనలేని ద్రవ పారఫిన్ వాడసాగారు. వారిని పూర్తిగా తప్పుపట్టలేము. కొనేవాడు పాత ధరకే అడుగుతున్నాడు. కాని పారఫిన్‌కు తనదైన పరిమళం లేదు. చార్మినార్ వద్దనో మరెక్కడనో అత్తరు కొనదలచినవారు మణికట్టుపై ఒక చుక్క వేయించుకొని, ఆ బజారులోనే రెండు గంటలు తిరిగి రావడం మంచిది. పూల వాసన సన్నగిల్లిన తరువాత కూడా దాని అడుగున చందనం వినిపించాలి.