కవ్వలను తిన్నదెవరు?

కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 1947 ఫిబ్రవరిలో పుట్టింది. తమిళనాడులోని మండపంలో పెరిగి, 1967లో భారత వ్యవసాయ పరిశోధన మండలిలో చేరి, 1971లో కొచ్చికి మకాం మార్చింది. ఇన్నేళ్లలో అది చేసిన పనుల్లో నేను పెద్దపీట వేసేది, రేవు రేవునా దిగే చేపను పద్ధతిగా లెక్క కట్టడానికే. ఆ లెక్క లేకుంటే కేరళలో నూనె కవ్వలు ఎందుకు తగ్గాయన్న తగువులో గొంతు పెద్దదైనవాడిదే గెలుపయ్యేది. 2012లో అక్కడ దాదాపు 4 లక్షల టన్నులు దిగితే, 2021లో దిగినవి 3,297 టన్నులే.

నేరం మోపడానికి సముద్రంలో తిండిపోతులకు కొదవ లేదు. సూర, వంజరం, సొర, డాల్ఫిన్, అన్నీ కవ్వలను తినేవే. డాల్ఫిన్లు వల చింపి గుంపును చెదరగొడుతున్నాయని మత్స్యకారులు అనేది అబద్ధమూ కాదు. అయితే నూనె కవ్వ మరొకరి నోటికి ఆహారంగా బతకడానికి అలవాటుపడ్డ జాతి. ఏడాది తిరిగేసరికి ఈడుకొస్తుంది, వానాకాలంలో విరివిగా గుడ్లు పెడుతుంది, రెండున్నరేళ్లకు మించి సాధారణంగా బతకదు. వేటచేపలే కారణమైతే మన తీరంలో సొరలు తగ్గుతూ వచ్చిన కాలంలో కవ్వలు పెరగాలి. (తినే నోళ్లు సొరవి మాత్రమే కావు కనుక దీన్ని తిరుగులేని రుజువుగా చూపను.) అసలు తేడా మరోచోట ఉంది. కవ్వ అరుదైతే సూర మరో చేప వెంట పడుతుంది. పడవ అలా తప్పుకోదు. మిగిలిన కవ్వలు కూడా గుంపుగానే తిరుగుతాయి, ఆ గుంపును యంత్రం పసిగడుతుంది, రింగు వల చుట్టేస్తుంది. అందుకే సరుకు తరిగిపోతున్నా కొన్నాళ్లపాటు పడవకు పడే చేప తగ్గినట్టు కనబడదు. ఇక పడవ తల్లిచేపలను తగ్గించాక, వేటచేపలు మునుపటంతే తిన్నా అది మిగిలినవాటిలో పెద్ద వాటా అవుతుంది. అంటే పాత ఆకలే కొత్తగా ప్రాణాంతకమవుతుంది.

యంత్రాలు లేని 1940లలోనూ కవ్వలు మాయమయ్యాయి కదా అంటారు. నిజమే. 1943లో మద్రాసు ప్రభుత్వం వలల మీద ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. 2015 నాటి ఎల్ నినో దెబ్బనూ శాస్త్రవేత్తలు ప్రధాన కారణాల్లోనే చెబుతారు. నీళ్లు వేడెక్కి, అడుగు నుంచి పైకి రావలసిన పోషకాలు రాకపోతే కవ్వ తినే సూక్ష్మ నాచు పెరగదు. ఈ అభ్యంతరం వేటకు శిక్ష తగ్గించగలదేమో గానీ విడుదల ఇప్పించలేదు. పడగొట్టింది సముద్రమే అయినా, మంచి ఏడాది వచ్చినప్పుడు గుడ్లు పెట్టే తల్లులు ఎన్ని మిగిలాయన్నది వలను బట్టి ఉంటుంది. దిగుబడి తగ్గితే నిల్వ తగ్గినట్టేనా అన్న ప్రశ్న ఇంతకన్నా గట్టిది. పడవలు కట్టేసినా దిగుబడి తగ్గుతుంది మరి. అందుకే సంస్థ టన్నులతో ఆగక, ఎన్ని పడవలు వెళ్లాయో, చేప పొడవెంతో, గుడ్లు ఏ దశలో ఉన్నాయో కూడా చూస్తుంది.

10 సెంటీమీటర్ల లోపు కవ్వను పట్టకూడదన్న కేరళ నిబంధనకు ఇలాంటి కొలతలే ఆధారం. అయితే గుంపులకు రాష్ట్రాల సరిహద్దులు తెలియవు. కేరళ వదిలిన పిల్లచేప పక్క రాష్ట్రంలో చేపల పొడి మిల్లుకు చేరితే ఆ నిబంధన సగమే పనిచేసినట్టు. 2022 జనవరిలో విశాఖ తీరంలో రింగు వలల మీద రేగిన గొడవలోనూ పంతం ఎవరు ఎక్కడ వల వేయాలన్నదాని చుట్టే తిరిగింది. ఏ సైజు చేపను వదలాలన్న మాట మన తీరంలో ఇంకా అంత గట్టిగా వినబడలేదు.