పాత పాట, కొత్త గొంతు: థ్రాష్ మెటల్ బృందాల పునర్ధ్వనిముద్రణలు – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

ఒక గ్రంథం మళ్లీ అచ్చయితే దానిని పునర్ముద్రణ అంటాం. కాగితం మారుతుంది, పాఠం మారదు. పాత సంగీత ఆల్బమ్‌ను తిరిగి విడుదల చేయడం కూడా ఇటువంటిదే. అయితే ఒక బృందం తన తొలినాటి పాటలను మొదటినుంచి మళ్లీ వాయించి, పాడి రికార్డు చేస్తే అది పునర్ముద్రణ కాదు. సాహిత్య పరిభాషలో అది కర్తలే సమకూర్చిన పాఠాంతరం. 1980లలో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో పరిసరాల్లో హెవీ మెటల్ నుంచి థ్రాష్ మెటల్ అనే వేగవంతమైన శాఖ బలపడింది. ఆ శాఖకు చెందిన టెస్టమెంట్, ఎక్సోడస్ బృందాల పునర్ధ్వనిముద్రణలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. టెస్టమెంట్ (2001)

ఈ బృందం తొలి పేరు లెగసీ. దాని గాయకుడు స్టీవ్ సౌజా 1986లో ఎక్సోడస్‌లో చేరగా, ఆ స్థానంలోకి చక్ బిల్లీ వచ్చారు. తొలి ఆల్బమ్ ‘ద లెగసీ’ (1987)లోని పలు పాటల రచనలో సౌజాకు భాగం ఉన్నా, శ్రోతలు విన్నది బిల్లీ గొంతునే. ఆ ఆల్బమ్‌లోని పాటలను, ‘ద న్యూ ఆర్డర్’ (1988)లోని పాటలను ప్రధానంగా తీసుకొని 2001లో ‘ఫస్ట్ స్ట్రైక్ స్టిల్ డెడ్లీ’ రూపొందించారు. 1992లో బృందాన్ని వీడిన గిటారిస్టు అలెక్స్ స్కోల్నిక్ ఇందులో మళ్లీ వాయించారు. సౌజా రెండు పాటలు పాడారు. తాను రచనలో పాలుపంచుకున్న పాట తన గొంతుతో ఆల్బమ్‌కెక్కడానికి ఆయనకు ఇన్నేళ్లు పట్టింది.

అదే సంవత్సరం బిల్లీకి క్యాన్సర్ ఉన్నట్లు తేలింది. సహాయార్థం ఆగస్టులో శాన్ ఫ్రాన్సిస్కోలో ‘థ్రాష్ ఆఫ్ ది టైటన్స్’ కచేరీ జరిగింది. ఆ వేదికపై ఎక్సోడస్ తరఫున పాల్ బాలాఫ్ పాడారు. తరువాత ఆరు నెలలు తిరగకుండానే, 2002 ఫిబ్రవరిలో, పక్షవాతంతో ఆయన మరణించారు.

3. ఎక్సోడస్ (2008)

1984లో రికార్డు చేసి 1985లో విడుదల చేసిన ‘బాండెడ్ బై బ్లడ్’ ఎక్సోడస్ తొలి ఆల్బమ్. అందులోని గాయకుడు బాలాఫ్. 2008లో ఆ పాటలనే రాబ్ డ్యూక్స్ గొంతుతో ‘లెట్ దేర్ బి బ్లడ్’గా వెలువరించారు. పాత బృందం నుంచి ఇందులో మిగిలినవారు గిటారిస్టు గ్యారీ హోల్ట్, డ్రమ్మర్ టామ్ హంటింగ్ మాత్రమే. ఈ ఆలోచన బాలాఫ్ బ్రతికి ఉండగానే పుట్టిందనీ, ఇది ఆయనకు నివాళి అనీ, పాతదాని స్థానాన్ని ఆక్రమించే ఉద్దేశం లేదనీ హోల్ట్ అప్పట్లో చెప్పారు. కొత్త ధ్వనిముద్రణలో వాద్యాలు స్పష్టంగా, బలంగా వినిపిస్తాయి. శిక్షణకు లొంగని బాలాఫ్ కేక మాత్రం పాతదానిలోనే ఉంది.

4. హక్కుల కోణం

పునర్ధ్వనిముద్రణలన్నీ స్మృతి కోసమే జరగవు. పాట రచనపై హక్కు వేరు, దాని ధ్వనిముద్రణపై హక్కు వేరు. రెండవది ఒప్పందం ప్రకారం తరచు సంస్థకే చెందుతుంది. మళ్లీ రికార్డు చేస్తే కొత్త ముద్రణపై కళాకారులకు పట్టు చిక్కుతుంది. డిజిటల్ విక్రయాల విషయంలో తమ రికార్డు సంస్థతో వివాదం ఏర్పడినప్పుడు డెఫ్ లెపర్డ్ బృందం 2012లో తన రెండు ప్రసిద్ధ గీతాలను ఈ విధంగానే మళ్లీ రికార్డు చేసింది.

5. ముగింపు

పాఠపరిష్కర్త భిన్న ప్రతులను పోల్చి శుద్ధపాఠాన్ని నిర్ణయిస్తాడు. ఇక్కడ ఆ పద్ధతి చెల్లదు. తొలి ముద్రణ దోషభూయిష్ఠమైన ప్రతి కాదు, మలి ముద్రణ దాని పరిష్కృత రూపమూ కాదు. మొదటిది యౌవనానికి, అరకొర వసతులకు సాక్ష్యం. రెండవది వ్యాధిని, మరణాన్ని, వియోగాలను దాటి మిగిలినవారి సాక్ష్యం. ఒకే పాట రెండు కాలాల్లో వినిపిస్తున్నప్పుడు ఏది మేలైనదని తేల్చడం కన్నా, ఏది ఏ సంవత్సరానిదో, అందులో ఎవరి గొంతు ఉందో నమోదు చేయడం చరిత్రకారుని మొదటి బాధ్యత. ఆ వివరం చెరిగిపోతే బాలాఫ్ వంటివారు రెండవసారి మరణిస్తారు.