ఆవిరికి మూత: ప్రెషర్ కుక్కర్ పుట్టుపూర్వోత్తరాలు

కందిపప్పుకి నాలుగు, బంగాళదుంపకి మూడు, శనగలకి ఆరు. ఏ గడియారంలోనూ లేని ఈ కాలమానం మన వంటిళ్లలో తరాలుగా నడుస్తోంది. "మూడు విజిల్స్ వచ్చాక ఆపెయ్యి" అని ఇంట్లో ఎవరికో అప్పగించి స్నానానికి వెళ్లడం తెలియని ఇల్లు ఉండదు. అప్పగింత అందుకున్నవాళ్లు రెండో కూత దగ్గర ఫోన్లో పడి లెక్క మరచిపోవడమూ మామూలే. పప్పు మెత్తబడకపోయినా, అన్నం ముద్దయినా, చివరికి తప్పు విజిల్ మీదికే పోతుంది.

నిజానికి విజిల్ పుట్టింది కాలం చెప్పడానికి కాదు, గిన్నె పేలకుండా ఆపడానికి. కుక్కర్లోని ప్రతి భాగమూ ఏదో ఒక భయానికి జవాబుగా వచ్చిందే. ఏ భాగం ఏ భయానికి పుట్టిందో తెలిస్తే, కుక్కర్ గురించి పెద్దవాళ్లు చెప్పే చిట్కాల్లో ఏవి నిలుస్తాయో, ఏవి నిలవవో తేలిపోతుంది.

ఎముకలు కరిగించిన వైద్యుడు

ఈ కథ మొదలైంది పప్పుతో కాదు, ఎముకలతో. డెనిస్ పాపిన్ 1647లో ఫ్రాన్స్‌లోని బ్లువా పట్టణం దగ్గర పుట్టాడు. చదివింది వైద్యం, మనసంతా యంత్రాల మీద. పారిస్‌లో శాస్త్రవేత్త హైగెన్స్ దగ్గర గాలి పంపుల మీద పనిచేసి, 1675లో లండన్ చేరి అక్కడి శాస్త్రవేత్త రాబర్ట్ బాయిల్‌కి సహాయకుడయ్యాడు. గాలిని తీసేస్తే ఏమవుతుందో, బిగించి పెడితే ఏమవుతుందో చూడడమే వాళ్ల పని.

మామూలు గిన్నెలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఆపైన ఎంత మంట పెట్టినా వేడి పెరగదు, నీళ్లు ఆవిరై పోతాయంతే. ఆ ఆవిరిని బయటికి పోనివ్వకుండా మూత బిగిస్తే లోపల ఒత్తిడి పెరుగుతుంది, దాంతోపాటు నీళ్లు మరిగే వేడీ పెరుగుతుంది. పాపిన్ ఈ సూత్రంతో మందపాటి లోహపు పాత్ర చేసి, మరల బిగింపుతో మూత పెట్టి, 1679లో లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ సభ్యులకు చూపించాడు. మాంసం కొట్లలో పారేసే ఎముకలను మెత్తగా ఉడికించి, వాటి సారం పేదల కంచాల్లోకి చేర్చాలన్నది ఆయన ఆశ. 1681లో దీని మీద ఒక పుస్తకమే అచ్చు వేయించాడు.

అయితే బిగించిన ఆవిరి మాట వినదు. అందుకే పాపిన్ మూతకు ఒక రంధ్రం చేసి, దాని మీద చిన్న బిరడా పెట్టి, ఆ బిరడాను ఒక లోహపు కడ్డీతో నొక్కి ఉంచి, కడ్డీ చివర బరువు వేలాడదీశాడు. లోపలి ఒత్తిడి హద్దు దాటితే బిరడా పైకి లేస్తుంది, మిగులు ఆవిరి పోతుంది, బిరడా మళ్లీ కూర్చుంటుంది. మనం "విజిల్" అనే బరువు చేసేదీ అక్షరాలా ఇదే పని. తర్వాతి కాలంలో ఆవిరి యంత్రాల బాయిలర్లను కాపాడింది కూడా ఈ వాల్వే.

మరి లోపల ఎంత వేడి ఉందో తెలిసేదెలా? మూత మీద ఒక నీటిచుక్క వేసి, అది ఇగిరిపోయేలోగా లోలకం ఎన్నిసార్లు ఊగిందో పాపిన్ లెక్కపెట్టేవాడు. మొదటి కుక్కర్ దగ్గర లెక్క క్షణాల్లోనే నడిచింది, కూతల్లో కాదు.

1682 ఏప్రిల్ 12న రాయల్ సొసైటీ సభ్యులు కొందరు ఈ పాత్రల్లో వండిన భోజనానికి కూర్చున్నారు. ఆ విందు వివరాలు వాళ్లలో ఒకడైన జాన్ ఎవెలిన్ తన డైరీలో రాసుకున్నాడు. గొడ్డు ఎముకలు, గొర్రె ఎముకలు జున్నులా మెత్తబడ్డాయట, చేప ముళ్లు కూడా తినేలా అయ్యాయట, పావురం మాంసం అన్నిటికన్నా రుచిగా ఉందట. ఇదంతా వండడానికి పట్టిన బొగ్గు మాత్రం ఎనిమిది ఔన్సుల లోపే, అంటే పావుకిలో కన్నా తక్కువ. కుక్కర్ ఇంధనం ఆదా చేస్తుందన్న మాట అలా మొదటి విందులోనే నమోదైంది.

పాపిన్ బతుకు మాత్రం అంత రుచిగా సాగలేదు. ప్రొటెస్టెంట్ కావడంతో 1685 తర్వాత స్వదేశం తలుపులు మూసుకున్నాయి. జర్మనీలో మార్బుర్గ్‌లో పాఠాలు చెప్పాడు, ఆవిరితో పిస్టన్‌ను కదిలించే ఆలోచన 1690లో బయటపెట్టాడు, 1707లో మళ్లీ లండన్ చేరి పేదరికంలోనే కన్నుమూశాడు.

వంటింటికి రాకముందు

పాపిన్ పాత్ర బరువైనది, ఖరీదైనది, చూస్తే భయం వేసేది. అందుకని రెండు వందల ఏళ్లకు పైగా అది ప్రయోగశాలలోనే ఉండిపోయింది. దాని సూత్రం పండితులకు ఎంత పరిచయమో, పామరులకు ఎంత దూరమో చెప్పే ఉదంతం ఒకటి చార్లెస్ డార్విన్ రచనల్లో ఉంది. 1835లో ఆండీస్ పర్వతాలు దాటుతూ ఆయన బృందం రాత్రంతా బంగాళదుంపలు ఉడికించింది, తెల్లారి మళ్లీ ఉడికించింది. దుంపలు గట్టిగానే ఉన్నాయి. కొత్తగా కొన్న పాడు కుండకి దుంపలు ఉడికించడం ఇష్టం లేదని తోటివాళ్లు తేల్చేశారు. ఎత్తు పెరిగితే గాలి ఒత్తిడి తగ్గుతుంది, నీళ్లు తక్కువ వేడికే మరిగిపోతాయి, ఇది పాపిన్ పాత్రకు సరిగ్గా ఎదురు సంగతి అని డార్విన్ రాశాడు. లేహ్ లాంటి చోట నీళ్లు సుమారు 88 డిగ్రీలకే మరుగుతాయి. అక్కడ కుక్కర్ లేకుండా పప్పు ఉడకడం కష్టమే.

1879లో, పాపిన్ ప్రదర్శనకు సరిగ్గా రెండు వందల ఏళ్లకు, పాశ్చర్ సహచరుడు షార్ల్ షాంబర్‌లాన్ ఇదే పద్ధతిలో ఆటోక్లేవ్ తయారుచేశాడు. ఆస్పత్రుల్లో పరికరాలను క్రిమిరహితం చేసేది అదే. 121 డిగ్రీల ఆవిరిలో మొండి సూక్ష్మజీవులు కూడా చస్తాయి. మన కుక్కర్ కూత వేసేటప్పుడు లోపల ఉండే వేడి కూడా దాదాపు అంతే.

అమెరికాలో ఈ పాత్ర ముందు డబ్బాల్లో, సీసాల్లో ఆహారం నిల్వచేసేవాళ్ల చేతికి వచ్చింది, ఆ తర్వాతే ఇంటి పొయ్యి ఎక్కింది. 1938లో న్యూయార్క్‌లో ఆల్ఫ్రెడ్ విషర్ ఇళ్లకు పనికొచ్చే కుక్కర్‌ను అమ్మకానికి పెట్టాడు. మరుసటి ఏడు న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో 'ప్రెస్టో' వచ్చింది. అంతలో యుద్ధం వచ్చి అల్యూమినియమంతా విమానాలకు పోయింది. యుద్ధం ముగిశాక పుట్టగొడుగుల్లా కంపెనీలు లేచాయి, నాసిరకం కుక్కర్లు పేలాయి, అక్కడి జనం భయపడి దూరం జరిగారు.

1959: మన దేశానికి

బిగుతు మూత రాకముందే ఆవిరి మీద వంటను సులువు చేయాలని ఇక్కడా ఒకరు ప్రయత్నించారు. 1910లో బెంగాల్‌కు చెందిన ఇందుమాధవ్ మల్లిక్ 'ఇక్మిక్ కుక్కర్' తయారుచేశారు. పొడుగాటి డబ్బా, అడుగున బొగ్గుల కుంపటి, లోపల ఒకదాని మీద ఒకటి గిన్నెలు. అన్నం, పప్పు, కూర ఒకేసారి నెమ్మదిగా ఉడికేవి. ఒత్తిడి లేకపోయినా, ఒకే మంట మీద మూడు గిన్నెలు అన్న పద్ధతికి దారి వేసింది అలాంటి పాత్రలే. ఈనాటికీ మనం కుక్కర్లో అడుగున పప్పు, పైన అన్నం గిన్నెలు పేరుస్తూనే ఉన్నాం.

అసలు కుక్కర్లు 1959లో వచ్చాయి. బొంబాయిలో హెచ్.డి. వాసుదేవ 'హాకిన్స్' కంపెనీ పెట్టారు. దక్షిణాదిన టీటీకే సంస్థ బ్రిటన్‌కు చెందిన ప్రెస్టీజ్ సహకారంతో అదే ఏడు కుక్కర్ల తయారీకి దిగింది. రెండు పేర్లూ పరాయివే, వంట మాత్రం పూర్తిగా మనది. వాళ్లకు అది మాంసం పాత్ర, మనకు పప్పు పాత్ర. రోజూ పప్పు, శనగలు, అలసందలు ఉడికించుకునే ఇళ్లకు ఇంతకన్నా అక్కరకొచ్చే వస్తువు ఏముంటుంది? పట్టణాల్లో కిరోసిన్ స్టవ్, ఆ వెనక గ్యాస్ పొయ్యి రావడమూ, ఆడవాళ్లు ఉద్యోగాలకు బయల్దేరడమూ దీనికి కలిసొచ్చాయి. గంజి వార్చే పని తప్పింది, గంజితోపాటు పోయే బి విటమిన్లు అన్నంలోనే మిగిలాయి. పొడిపొడిలాడే వార్చిన అన్నమే అన్నమని పట్టుబట్టిన పెద్దవాళ్లు మాత్రం చాలాకాలం రాజీపడలేదు.

భయం కూడా సరుకుతోపాటే వచ్చింది. దానికి రెండు కంపెనీలూ రెండు రకాలుగా జవాబు చెప్పాయి. హాకిన్స్ మూత లోపలి నుంచి బిగుసుకుంటుంది. లోపల ఒత్తిడి ఉన్నంతసేపూ ఆవిరే మూతను పైకి నొక్కిపెడుతుంది కనుక, తెరవాలన్నా తెరుచుకోదు. ప్రెస్టీజ్ మూత బయటి నుంచి తిరుగుతుంది. ఆవిరి దారి మూసుకుపోతే ఆదుకోవడానికి మూతకు సేఫ్టీ ప్లగ్ ఉంటుంది. వేడి హద్దు దాటితే అందులోని తక్కువ వేడికే కరిగే లోహం కరిగి దారి ఇస్తుంది. బజారులో దొరికే నకిలీ ప్లగ్గులు కరగాల్సిన వేళ కరగక ప్రమాదాలు తెచ్చిపెట్టాయి. అప్పుడు టీటీకే మూత అంచుకు ఒక సన్నని సందు పెట్టింది. విజిల్ మూసుకుపోయి, నకిలీ ప్లగ్ కూడా మొరాయిస్తే, లోపలి రబ్బరు ఆ సందులోంచి బయటికి ఉబ్బి ఆవిరిని వదిలేస్తుంది. భార్యను ప్రేమించేవాడు ప్రెస్టీజ్‌ను కాదనగలడా అని అడిగిన హిందీ ప్రకటన అమ్మిందీ ఈ భరోసానే.

ఇంధనం ఆదా మీద పెట్రోలియం పొదుపు సంస్థ పీసీఆర్‌ఏ లెక్కలు చెప్పింది. మామూలు వంటతో పోలిస్తే అన్నానికి 20 శాతం, నానబెట్టిన శనగపప్పుకి 46 శాతం, మాంసానికి 41.5 శాతం ఇంధనం మిగులుతుంది. 2021 ఫిబ్రవరి నుంచి ఐఎస్ 2347 ప్రమాణం పాటించి ఐఎస్ఐ ముద్ర వేసిన కుక్కర్లనే దేశంలో అమ్మాలన్న నిబంధన అమల్లో ఉంది.

భాగం తెలిస్తే చిట్కా తెలుస్తుంది

విజిల్ కాలానికి కొలత కాదని ముందే అనుకున్నాం. మంట ఎక్కువ పెడితే కూతలు త్వరగా వస్తాయి, తగ్గిస్తే ఆలస్యంగా వస్తాయి. చిన్న కుక్కర్‌కు ఒక లెక్క, పెద్దదానికి ఇంకో లెక్క. మొదటి కూత వచ్చిందంటే లోపల వేడి దాని హద్దుకు చేరినట్టే. ఆ తర్వాత ఎంత మంట పెట్టినా వేడి పెరగదు, మిగులంతా బరువును ఎత్తుకుని బయటికి పోతుంది. అందుకే మొదటి కూత రాగానే మంట బాగా తగ్గించి, అక్కడి నుంచి నిమిషాలు లెక్కపెట్టుకోవాలి. గ్యాసూ మిగులుతుంది, లోపలి నీళ్లూ మిగులుతాయి, ఎవరి కుక్కర్లో వండినా లెక్క ఒకేలా ఉంటుంది.

విజిల్ విడిగా పెట్టే రకమైతే, గొట్టంలోంచి ఆవిరి ధారగా వచ్చాకే పెట్టాలి. అప్పటికి లోపలి గాలి బయటికి పోతుంది. గాలి మిగిలి ఉంటే ఒత్తిడి ఉన్నా వేడి తగ్గుతుంది. మూత పెట్టేముందు గొట్టాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి, అవతల వెలుగు కనపడకపోతే పుల్లతో శుభ్రం చేయాలి. పప్పు నురుగే ఆ దారి మూసేది. అందుకే పప్పు, బియ్యం లాంటివి నీళ్లతో కలిపి సగం కన్నా ఎక్కువ నింపకూడదు. రెండు చుక్కల నూనె వేస్తే నురుగు తగ్గుతుంది. కూత వస్తుండగా గరిటెతో విజిల్ ఎత్తడం చాలా ఇళ్లలో ఉన్న అలవాటు. అప్పుడు వచ్చేది ఆవిరి ఒక్కటే కాదు, మరిగే నురుగు కూడా.

పప్పు ఉడకకపోతే కుక్కర్‌ను తిట్టేముందు మూడు సంగతులు చూడాలి. పప్పు పాతదా, నీళ్లు ఉప్పు నీళ్లా, పులుపు ముందే వేశామా. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం పప్పును గట్టిపరుస్తాయి. మామిడికాయ, గోంగూర, చింతపండు లాంటి పులుపు కూడా అంతే. గోంగూర పప్పు చేసేటప్పుడు గోంగూర విడిగా ఉడికించి తర్వాత కలపమని చెప్పడం ఇందుకే. తినే సోడా వేస్తే పప్పు మెత్తబడుతుంది కానీ బి విటమిన్ దెబ్బతింటుంది.

అల్యూమినియం కుక్కర్ అడుగు నల్లబడుతోందంటే అది నీటిలోని లవణాల పని. లోపల గిన్నెలు పెట్టి ఉడికించేటప్పుడు అడుగు నీళ్లలో పిండేసిన నిమ్మచెక్కో, కాస్త చింతపండో వేస్తే నలుపు పట్టదు. రబ్బరును ప్రతిసారీ తీసి కడిగి, ఆరబెట్టి, విడిగా ఉంచాలి. సాగిన రబ్బరును ఫ్రిజ్‌లో పెడితే ఒకపూటకు బిగుస్తుంది, అంతకుమించి ఆశించకూడదు. మూత చుట్టూ ఆవిరి కారడం మొదలైతే కొత్తది వేయాల్సిందే. రబ్బరు, విజిల్, సేఫ్టీ ప్లగ్ ఆ కంపెనీవే కొనాలి, పది రూపాయలు తక్కువకు దొరికాయని వేరేవి తెస్తే భద్రత కోసం పెట్టిన భాగమే ప్రమాదం తెస్తుంది.

ఇప్పుడు కరెంటుతో నడిచే కుక్కర్లు వచ్చాయి. 2010లో కెనడాలో మొదలైన ఇన్‌స్టంట్ పాట్ అమెరికాలో తెలుగువాళ్ల వంటిళ్లలోనూ మామూలు వస్తువైపోయింది. దానికి కూత లేదు, వేడినీ ఒత్తిడినీ సెన్సర్లే చూసుకుంటాయి. మొదట్లో "ఎన్ని విజిల్స్?" అని ఇండియాకు ఫోన్ చేసి అడిగినవాళ్లంతా ఇప్పుడు నిమిషాలకు అలవాటుపడ్డారు. ఇక్కడ అమ్మలు కూడా ఆ లెక్కకు మారితే మంచిదే. కరెంటు కుక్కరైనా, పొయ్యి మీదిదైనా, రబ్బరు కడగడం మాత్రం ఎవరికీ తప్పదు.