గుత్తి సాలీడు సొంత ఊరు

మబేలాలో మా గోడమీద సాలీడు కనిపిస్తే నాకు గుత్తి గుర్తొస్తుంది. అక్కడి రైల్వే కలప యార్డులో దొరికిన ఒకే ఒక్క నీలిరంగు టరాంటులాను లండన్ బ్రిటిష్ మ్యూజియంలోని రెజినాల్డ్ పోకాక్ పరీక్షించి, వర్ణించి, 1899లో పొయెసిలోథీరియా మెటాలికా అని పేరుపెట్టాడు. కొత్త జాతిని నమోదు చేసేటప్పుడు దొరికిన చోటు కూడా రాస్తారు. అలా గుత్తి స్థిరపడిపోయింది. పెంచుకునేవాళ్ళు ఇప్పటికీ దాన్ని గుత్తి సాలీడనే అంటారు.

కానీ అది చెట్టు తొర్రల్లో బతికే జీవి. 102 ఏళ్ళ తర్వాత, 2001లో, సుమారు వంద కిలోమీటర్ల అవతల నంద్యాల-గిద్దలూరు మధ్య నల్లమల అడవిలో మళ్ళీ కనిపించింది. బహుశా దుంగల్లో దాక్కుని రైలెక్కి గుత్తి చేరి ఉంటుంది!

కలపకీ వంటచెరకుకీ అడవి తరిగిపోతుంటే 2008లో ఐయూసీఎన్ దాన్ని అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చింది. విదేశాల్లో మాత్రం అద్దాల పెట్టెల్లో పిల్లల్ని పెడుతూనే ఉంది.

దొరికిన చోటు వేరు, సొంత ఊరు వేరు. మబేలాలో ఉండే నాకు ఇంకొకరు చెప్పాలా? తిరిగి వెళ్ళడానికి నాకు ఊరుంది. దానికి ఆ తొర్రల చెట్లుండాలి.